మటుషెక్ కొట్టులో పెద్ద గుమాస్తా

కథానాయకుడు తెరమీద మొదటిసారి కనిపించే క్షణానికి ప్రతి దేశపు సినిమాలోనూ కొన్ని లాంఛనాలుంటాయి. 1940 జనవరిలో విడుదలైన 'ద షాప్ అరౌండ్ ద కార్నర్'లో జేమ్స్ స్టూవర్ట్‌కి దక్కిన లాంఛనం ఇది: పొద్దున్నే ఇంకా తెరవని కొట్టు ముందుకు నడిచొస్తాడు, పనికుర్రాణ్ణి పిలుస్తాడు, మందుల షాపుకెళ్లి తినే సోడా పట్టుకురమ్మంటాడు. ముందురోజు రాత్రి యజమాని ఇంట్లో విందు. బాతు కాలేయం నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఇప్పుడు కడుపులో మంట.

పాటా లేదు, ఫైటూ లేదు, హీరోయిన్ కళ్లలో మెరుపూ లేదు. కానీ ఆ సోడా కోరికలో ఎంత సమాచారం ఉందో చూడండి. ఇతను యజమాని భోజనానికి పిలిచేంత దగ్గరివాడు. ఆ సంగతి దాచుకోడు, అలాగని గొప్పగానూ చెప్పుకోడు. పక్కన నిలబడ్డ తోటి ఉద్యోగుల్లో ఒకడికి అది గుచ్చుకుంది. తరవాత యజమానికి భార్య మీద అనుమానం పుట్టి, తన ఇంటికి వచ్చిపోయే కుర్రాడెవడా అని వెతికితే వేలు నేరుగా ఇతనివైపే చూపిస్తుంది. నవ్వించడానికి వేశారనుకున్న అజీర్తి, కథకి ఆధారమైన మేకు. ఈ సినిమాలో ఊరికే పెట్టిన వస్తువు ఒక్కటి కూడా దొరకదు.

తీసినది ఎర్న్‌స్ట్ లూబిచ్. రాసినది శామ్సన్ రఫేల్సన్. మూలం మిక్లోష్ లాస్లో అనే హంగేరియన్ రచయిత నాటకం; అందులో కొట్టు అత్తరులూ సబ్బులూ అమ్ముతుంది. సినిమాలో అది తోలు సామాను కొట్టయింది: సూట్‌కేసులు, హ్యాండ్‌బ్యాగులు, పర్సులు. ఊరు బుడాపెస్ట్. వీధి బాల్టా వీధి, పెద్ద బజారైన ఆండ్రాసీ వీధికి మలుపులోనే. ఎం.జి.ఎం. స్టూడియోలో వేసిన సెట్టులో, అమెరికన్ యాసతో మాట్లాడే నటులతో, నెల రోజుల్లోపే, 5 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ముగించారు. ఆ స్టూడియో లెక్కల్లో అది చిన్న బొమ్మ. కథ చాలామందికి తెలిసినదే. ఆల్ఫ్రెడ్ క్రాలిక్ ఆ కొట్టులో పెద్ద గుమాస్తా. క్లారా నోవాక్ కొత్తగా చేరిన అమ్మాయి. ఇద్దరికీ క్షణం పడదు. ఇద్దరూ విడివిడిగా, పేరూ ఊరూ తెలియని ఒక 'ప్రియమిత్రుడి'కి ఉత్తరాలు రాసుకుంటూ ఉంటారు. ఆ మిత్రులు వాళ్లిద్దరే.

కథ ఇంతే అయితే దీన్ని మంచి ఎత్తుగడ అని మెచ్చుకుని వదిలేయవచ్చు. పరిచయం లేని ఇద్దరి ఉత్తరాల ప్రేమ మన ప్రేక్షకులకీ కొత్త కాదు. తమిళం నుంచి వచ్చిన 'ప్రేమలేఖ'ని 1990లలో మనవాళ్లు ఎంత ఇష్టంగా చూశారో గుర్తుండే ఉంటుంది. అక్కడ ముడి ఆఖరి నిమిషందాకా విడదు. ఎప్పుడు కలుస్తారన్నదే ఉత్కంఠ. లూబిచ్, రఫేల్సన్ ఆ ఉత్కంఠని సగంలోనే చేజేతులా వదిలేస్తారు. కథ నడుమకి వచ్చేసరికి క్రాలిక్‌కి నిజం తెలిసిపోతుంది. క్లారాకి తెలియదు. అక్కణ్ణుంచి సినిమా బరువంతా ఒక్క మనిషి ముఖంమీద పడుతుంది. తెలిసిన సంగతిని ఆమెకి దాచాలి, దాస్తున్నట్టు మనకి కనిపించాలి. స్టూవర్ట్ అది చేసిన తీరు చెప్పడానికే ఈ వ్యాసం.

అయితే ముందు కొట్టు గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ ముఖం కొట్టులోంచే వచ్చింది.

లూబిచ్ బెర్లిన్‌లో దర్జీ కొడుకు. నాటకాల పిచ్చి పట్టకముందు, పట్టిన తరవాత కూడా కొన్నాళ్లు, తండ్రి బట్టల వ్యాపారంలో పనిచేశాడు. స్టూవర్ట్ పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇండియానా అనే చిన్న ఊళ్లో ఇనుప సామాను కొట్టు నడిపే తండ్రికి కొడుకు. దర్శకుడూ హీరో ఇద్దరూ కొట్టు తలుపులు ఎలా తెరుచుకుంటాయో చిన్నప్పటినుంచీ చూసినవాళ్లే. అంతకుముందు లూబిచ్ పేరు చెబితే గుర్తొచ్చేవి పారిస్ హోటళ్లు, రాజకుమారులు, పట్టుదుప్పట్లు, మూసిన తలుపుల వెనక జరిగే చిలిపి వ్యవహారాలు. ఈ ఒక్క సినిమాలో ఆయన ఆ తళుకంతా పక్కనపెట్టి, జీతం మీద బతికేవాళ్ల దగ్గరికి వచ్చాడు. తన సినిమాలన్నిటిలో వాతావరణం, పాత్రలు ఇంత నిజంగా కుదిరినది మరొకటి లేదని చనిపోయే ముందు, 1947లో రాసిన ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు కూడా.

ఆ నిజం ఎక్కడుందంటే భయంలో ఉంది. కొట్టులో అందరికీ ఉద్యోగం పోతుందేమోనన్న భయం. ఫెలిక్స్ బ్రెసార్ట్ వేసిన పిరోవిచ్ పాత్రని చూడండి. పెళ్లాం పిల్లలున్న నెమ్మదైన మనిషి. యజమాని మటుషెక్‌కి ఒక అలవాటు: నిజాయితీగా నీ అభిప్రాయం చెప్పవయ్యా అని అడుగుతాడు, తనకి నచ్చనిది చెబితే మొహం మాడ్చుకుంటాడు. ఆ మాట చెవిన పడగానే పిరోవిచ్ మాయమవుతాడు. కొట్టులో ఒక మెలికల మెట్లదారి ఉంది. దానిమీద సగం దిగినవాడు, ఆ ప్రశ్న వినబడగానే వెనక్కి తిరిగి గబగబా పైకి ఎక్కేస్తాడు. ఒక్క మాట లేదు, వెళుతున్న వీపు మాత్రమే. ఈ హాస్యాన్ని లూబిచ్ పదే పదే వాడతాడు, వాడినప్పుడల్లా నవ్వొస్తుంది. కానీ ఆ వీపు చెప్పేది, ఈ మనిషి తన ఇంటిని ఎలా నిలబెట్టుకుంటున్నాడో. నాజీలు గద్దెనెక్కాక జర్మనీ వదిలి వచ్చిన యూదు నటుడు బ్రెసార్ట్. సినిమా తీస్తున్నప్పుడు ఐరోపాలో యుద్ధం మొదలై కొద్ది నెలలే అయింది. తెరమీద దాని ఊసే లేదు. ఉండనక్కర్లేదు కూడా.

అదే పిరోవిచ్‌తో క్రాలిక్ ఒకచోట సంసారం ఖర్చు సంగతి కదుపుతాడు. పెళ్లి చేసుకుంటే ఎంతలో గడుస్తుంది, ఎన్ని గదులు కావాలి అని. మూడు గదులెందుకు, భోజనానికి విడిగా గది ఎందుకు అని పిరోవిచ్ ఆశ్చర్యపోతాడు. మరి అతిథులొస్తే అంటాడు క్రాలిక్. నువ్వేమన్నా రాయబారివా, భోజనం అయ్యాక వచ్చేవాడే అసలైన మిత్రుడు అంటాడు పెద్దాయన. హాలీవుడ్ ప్రేమకథల్లో నాయకుడు అద్దె లెక్క వేసుకునే దృశ్యాలు అరుదు. స్టూవర్ట్ ఈ సంభాషణని సిగ్గుతో చేస్తాడు. ఎవరికోసం అడుగుతున్నాడో ఎదుటివాడికి తెలుసని అతనికీ తెలుసు; అయినా లోకాభిరామాయణంలా అడుగుతాడు. పొడుగాటి మనిషి, ఆరడుగుల మూడంగుళాలు. ఈ దృశ్యంలో ఆ పొడుగంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా ఉంటాడు.

క్లారా కొట్టులోకి అడుగుపెట్టే సన్నివేశం వ్యాపారం తెలిసినవాళ్లు రాసినదని ఇట్టే తెలిసిపోతుంది. యజమానికి ఒక సిగరెట్ పెట్టె మీద మోజు పడింది: మూత తీస్తే 'ఓచి చోర్నియా' రాగం మోగుతుంది. సరుకు దింపుదామంటాడు. క్రాలిక్ వద్దంటాడు: రోజుకి ఇరవై సార్లు సిగరెట్ తీసేవాడు ఇరవై సార్లూ ఆ పాట వినాలా? ఇద్దరికీ మాట పట్టింపు వస్తుంది. అప్పుడు ఉద్యోగం అడగడానికి వచ్చిన క్లారాని ఖాళీ లేదని క్రాలిక్ మర్యాదగానే పంపించబోతాడు. ఆమె కదలదు. ఆ పెట్టె చేతిలోకి తీసుకుని, లోపలికొచ్చిన ఒక బొద్దుపాటి ఆవిడకి, ఇది మిఠాయి పెట్టె అని చెప్పి అమ్మేస్తుంది. మూత తీసినప్పుడల్లా పాట వస్తుంది కదా, అప్పుడు 'అమ్మో, మళ్లీ తింటున్నానే' అని గుర్తొస్తుంది, తిండి తగ్గుతుంది అని. ఉద్యోగం ఖాయమైపోతుంది. కళ్లముందే క్రాలిక్ మాట తప్పైపోయింది. ఇక్కడినుంచే వాళ్ల వైరం. తరవాతి దృశ్యంలో కొన్ని నెలలు గడిచాయి. అద్దాల కిటికీలో అవే పెట్టెలు, ధర తెగ్గోసి. క్రాలిక్ చెప్పిందే నిజమైంది. ఆ మాట ఎవరూ అనరు. లూబిచ్ కిటికీని చూపించి ఊరుకుంటాడు. ఆయన పనితనం అంటే ఇదే. అవతలి లెక్క ప్రేక్షకుణ్ణే కట్టుకోమంటాడు, కట్టుకోగలడన్న మర్యాద ఇచ్చి.

క్రాలిక్ ఉద్యోగం పోయే సన్నివేశాన్ని నటన నేర్చుకునేవాళ్లు కూర్చుని చూడాలి. మటుషెక్ అనుమానం ముదిరి, కారణం చెప్పకుండా అతన్ని తన గదిలోకి పిలిచి తీసేస్తాడు. చేతిలో జీతం, ఒక యోగ్యతాపత్రం. క్రాలిక్ బయటికొస్తాడు. తోటివాళ్లు ఏమైందంటారు. ఆ యోగ్యతాపత్రాన్ని అతనే చదివి వినిపిస్తాడు. ఎంతో మెచ్చుకుంటూ రాసిన ఉత్తరమది. చదువుతున్న గొంతులో వెటకారం లేదు, కన్నీళ్లూ లేవు. తన గురించి రాసిన మంచి మాటలు అతనికి ఎవరో పరాయివాడి గురించి రాసినట్టు వినిపిస్తున్నాయి. తరవాత అమ్మకాల పుస్తకం, లాకరు తాళంచెవి తీసి అప్పజెబుతాడు. స్టూవర్ట్ అంటే తడబడే మాట, ఊగే చేతులు అనే పేరుంది. మిమిక్రీ వాళ్లంతా పట్టుకునేది దాన్నే. ఈ దృశ్యంలో అవేవీ లేవు. చేతులు పని తెలిసిన గుమాస్తా చేతుల్లా క్రమంగా కదులుతాయి. ఏళ్ల తరబడి రోజూ చేసిన పనుల్ని ఆఖరిసారి వరసగా చేస్తున్నాడు. అందరికీ చేయి కలుపుతాడు, క్లారాతో సహా. ఆ సాయంత్రమే అతను తన ప్రియమిత్రురాలిని మొదటిసారి కలవాలి. ఉద్యోగం లేనివాడు ఏ ముఖం పెట్టుకుని వెళతాడు?

వెళ్లలేడు. కెఫే నిజ్జా దాకా పిరోవిచ్‌ని వెంటబెట్టుకుని వెళ్లి, బయటే ఆగిపోతాడు. నువ్వే లోపలికి చూసి చెప్పు అంటాడు. గుర్తు ముందే అనుకున్నారు: టేబుల్ మీద 'అన్నా కెరినినా' పుస్తకం, అందులో ఎర్రటి కార్నేషన్ పువ్వు. పిరోవిచ్ అద్దంలోంచి తొంగి చూస్తాడు. బాగుందా అంటాడు క్రాలిక్. చాలా బాగుంది అంటాడు. ఆపైన కాస్త మొహమాటపడి, కొంచెం మన నోవాక్ అమ్మాయి పోలిక ఉంది అంటాడు. ఆవిడ సంగతి ఇప్పుడెందుకు అని క్రాలిక్ విసుక్కుంటాడు. నోవాక్ అమ్మాయి నీకు నచ్చకపోతే ఈ అమ్మాయీ నచ్చదు, ఎందుకంటే ఈమే ఆమె అని చెప్పక తప్పదు పిరోవిచ్‌కి.

ఇంకో దర్శకుడైతే ఇక్కడ కెమెరాని కెఫేలోకి తీసుకెళ్లి, క్లారా ముఖాన్ని, పువ్వుని, సంగీతం ఝుమ్మనడాన్ని చూపించేవాడు. లూబిచ్ ఇద్దరు మగవాళ్లతో బయట చలిలోనే ఉండిపోయాడు. వార్త మనకి పిరోవిచ్ నోటినుంచి వస్తుంది. చిన్నచిన్న ముక్కలుగా, చెప్పడం ఇష్టంలేనట్టు. వింటున్న స్టూవర్ట్ ముఖంలో ఆశ ఒక్కో మెట్టూ దిగుతుంది. నటుల్లో చాలామందికి మాట్లాడటం వచ్చు. వినడం వచ్చినవాళ్లు తక్కువ. స్టూవర్ట్ వినేటప్పుడు మాట అతన్ని చేరడానికి ఒక అరక్షణం పడుతుంది. ఆ అరక్షణంలో అతని కళ్లు ఇంకా పాత లోకంలోనే ఉంటాయి. ఆ ఆలస్యాన్ని అతను ఎప్పుడూ తొందరపెట్టడు. ఇక్కడ నవ్వొచ్చేదీ గుండె కలుక్కుమనేదీ ఆ ఆలస్యంలోనే.

అతను వెళ్లిపోతాడు. మళ్లీ తిరిగొస్తాడు. లోపలికి వెళతాడు, తానెవరో చెప్పకుండా. ఈ సినిమాకి గుండెకాయ ఈ సన్నివేశం.

క్లారాకి అతను శనిలా కనబడ్డాడు. ఈ మనిషి ఇక్కడ కూర్చుంటే, రావలసినవాడు చూసి అపార్థం చేసుకుంటాడేమోనని ఆమె గాభరా. క్రాలిక్ అది గమనిస్తూనే కుర్చీ లాక్కుంటాడు, పుస్తకం గురించి అడుగుతాడు, చిన్నగా ఉడికిస్తాడు. అతని గొంతులో కొత్త మెత్తదనం వచ్చింది. ఇంతకాలం తన ఉత్తరాలు చదివినది ఈ కళ్లే అని వెతుక్కుంటున్నట్టు చూస్తాడు. పొమ్మంటే పక్క టేబుల్‌కి మారి, ఆమె వీపుకి వీపు పెట్టి కూర్చుంటాడు. అక్కడినుంచి తల తిప్పి మాట్లాడుతూనే ఉంటాడు. మనుషుల పైపొరని గీకి లోపలి నిజాన్ని చూసే ఓపిక ఎవరికీ ఉండదు అని ఒక మాట వదులుతాడు. అది ఉత్తరాల భాష, ఆమెకి ఇచ్చిన ఆనవాలు. ఆమె పట్టుకోదు. నీ పైపొర గీకితే ఏం దొరుకుతుందో నాకు తెలుసు అంటుంది: గుండె ఉండాల్సిన చోట ఒక హ్యాండ్‌బ్యాగు, ఆత్మకి బదులు సూట్‌కేసు, బుద్ధి స్థానంలో వెలగని సిగరెట్ లైటరు.

తిట్టులోని సరుకంతా కొట్టులోదే. ఆమెకి తెలిసిన లోకం అదే, అతనిదీ అదే. రఫేల్సన్ ఎక్కడినుంచో అలంకారాలు అరువు తెచ్చుకోకుండా, అలమరాలోంచి మూడు వస్తువులు తీసి విసిరాడు. తమాషా ఏమంటే, తిట్టు బాగుందని తిట్లు తిన్నవాడే ముందు గుర్తిస్తాడు. ఇందులో కవిత్వమూ ఉంది, క్రూరత్వమూ ఉంది అని క్రాలిక్ ఒప్పుకుంటాడు. అప్పుడు స్టూవర్ట్ ముఖం చూడాలి. ఉత్తరాల్లో తాను ప్రేమించిన తెలివి ఇదే. ఆ తెలివే ఇప్పుడు తనని కోస్తోంది. మెచ్చుకోలు ముందొస్తుంది, నొప్పి వెనకొస్తుంది. ఆమె ఇంకా ఆగదు, చివరికి అతన్ని ఒక అల్పమైన గుమాస్తా కింద తీసిపారేస్తుంది. ఆ రోజే ఆ గుమాస్తాగిరీ కూడా పోయినవాడతను. జవాబు చెప్పడు. లేచి వెళతాడు. సంగీతం లేదు, కెమెరా అతని ముఖంలోకి దూసుకెళ్లదు.

క్యారీ గ్రాంట్ అయితే ఈ దృశ్యాన్ని మరోలా చేసేవాడు. అతని గొప్పతనం అతనికుంది. దెబ్బ తగిలినా కోటు మడత నలగదు. స్టూవర్ట్ దెబ్బ తిన్నప్పుడు మనిషంతా నలుగుతాడు, నలిగినట్టు తెలియకుండా ఉండటానికి కష్టపడతాడు. ఆ కష్టమే నటన. లూబిచ్ ఇతనికోసమే ఎందుకు కాచుకున్నాడో ఇక్కడ అర్థమవుతుంది. స్టూవర్ట్, మార్గరెట్ సలివన్ ఇద్దరూ ఖాళీ అయ్యేదాకా ఈ సినిమాని ఆపి, ఈలోపు గ్రేటా గార్బోతో 'నినోచ్కా' తీశాడు. 'నినోచ్కా' తీసిన ఛాయాగ్రాహకుడు విలియం డేనియల్సే దీనికీ పనిచేశాడు. గార్బో ముఖానికి వెలుగు పెట్టడంలో పేరు మోసినవాడు ఇక్కడ తోలు సంచులకీ గల్లాపెట్టెకీ దీపం పెట్టాడు.

సలివన్ గురించి చెప్పకపోతే అన్యాయం. గొంతులో చిన్న బొంగురుతనం, మాట చివర ఏదో పగిలినట్టుండే తీరు ఆమె సొంతం. స్టూవర్ట్ ఇంకా పేరు లేని నటుడిగా ఉన్నప్పుడు, 1936లో 'నెక్స్ట్ టైమ్ వి లవ్' సినిమాకి అతనే తన సరసన కావాలని పట్టుబట్టింది ఆమే. ఇద్దరూ కలిసి నాలుగు సినిమాలు చేశారు. ఈ సినిమాలో ఆమె పని ఇంకా కష్టమైనదంటాను. క్లారా ఉత్తరాల్లో గొప్ప మాటలు రాస్తుంది, కొట్టులో గయ్యాళిగా కనబడుతుంది. ఈ రెండూ ఒకే అమ్మాయి అని మనం నమ్మాలి. నమ్మించేది ఒక్క షాట్. కెఫేలో ఎవరూ రాని మర్నాడు ఆమె పోస్టాఫీసుకి వెళుతుంది. కెమెరా పెట్టెల లోపలివైపు ఉంది. 237వ నెంబరు పెట్టె తెరుచుకుంటుంది. తొడుగు వేసుకున్న చేయి లోపలికొచ్చి తడుముతుంది. ఏమీ లేదు. చేయి వెనక్కి పోతుంది, ఆ చదరపు కంతలో ఆమె ముఖం కనిపిస్తుంది, నిజంగానే ఏమీ లేదా అని చూస్తూ. కొన్ని క్షణాలే. ఆ తరవాత క్లారా ఎంత నోరు పారేసుకున్నా మనకి కోపం రాదు.

ఆ దెబ్బకి ఆమె మంచమెక్కుతుంది. యజమాని అనుమానించాల్సింది క్రాలిక్‌ని కాదు, ఇంకో ఉద్యోగిని అని తేలి, క్రాలిక్ ఇప్పుడు కొట్టుకి మేనేజరు అయ్యాడు. పరామర్శకి ఆమె ఇంటికి వెళతాడు. సరిగ్గా అప్పుడే ప్రియమిత్రుడి ఉత్తరం వస్తుంది. రాసినవాడు పక్కన కుర్చీలో కూర్చుని ఉండగా ఆమె చదువుతుంది. కెఫే బయటినుంచి నిన్ను చూశాను, నీ పక్కన ఒక అందగాడు కూర్చుని ఉంటే వెళ్లిపోయాను అని అందులో ఉంది. ఆ అందగాడు ఈ క్రాలిక్ అని ఆమెకి నవ్వు. స్టూవర్ట్‌కి ఇక్కడ మూడు పనులు ఒకేసారి: పరామర్శకి వచ్చిన మేనేజరులా ఉండాలి, తన రాతకి ఆమె ముఖం వికసించడం చూసి పొంగిపోవాలి, ఆ పొంగు బయటపడకుండా ఆపుకోవాలి. ఆపుకోలేక కాస్త బయటపడుతుంది. ఎంత బయటపడాలో అతనికి తెలుసు. అందమైన నటులు చాలామంది దగ్గర ఈ త్రాసు ఉండదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. జోసెఫ్ షిల్డ్‌క్రాట్ వేసిన ఆ ఇంకో ఉద్యోగి వాడస్ పాత్ర మరీ నూనె రాసుకున్న విలన్. అతన్ని క్రాలిక్ కొట్టులోంచి గెంటే ఘట్టం ఈ సినిమా మర్యాదకి కాస్త మోటుగా తగులుతుంది. చివర్లో క్రాలిక్, నీ ప్రియమిత్రుడు నా దగ్గరికి వచ్చాడు, పేరు పోప్కిన్, బట్టతల, బొజ్జ, ఉద్యోగం కూడా లేదు అని కల్పించి చెప్పి క్లారాని ఏడిపించే ఘట్టం ఒకటుంది. అది అవసరానికి మించి నడిచిందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఆమె కలని ఒక్కొక్క ఈకా పీకుతూ ఉంటాడు, తాను మాత్రం ఆనందిస్తూ. కెఫేలో తిన్న దెబ్బకి చిన్న బాకీ తీర్చుకుంటున్నాడని సరిపెట్టుకోవచ్చు. కానీ మరొకరు చేసి ఉంటే ఆ పాత్రని క్షమించేవాళ్లం కాదు. మటుషెక్ భార్య మాత్రం తెరమీద ఒక్కసారి కూడా కనబడదు. ఫోన్‌కి అవతలి కొసన ఉంటుంది, అంతే. మూసిన తలుపుల వెనక సరసాలకి పేరుపడ్డ లూబిచ్ ఈసారి అసలు తలుపు దగ్గరికే వెళ్లలేదు. మోసపోయిన ముసలాయన ముఖం చాలనుకున్నాడు. ఆ ముఖం ఫ్రాంక్ మోర్గన్‌ది. అంతకు ముందు ఏడాదే 'విజార్డ్ ఆఫ్ ఆజ్'లో మాంత్రికుడు ఆయనే.

ఈ కథని తరవాత చాలామంది ఎత్తుకున్నారు. 1949లో జూడీ గార్లండ్‌తో పాటల సినిమా, 1963లో బ్రాడ్‌వేలో 'షి లవ్స్ మి', 1998లో టామ్ హాంక్స్, మెగ్ రయన్‌ల 'యూవ్ గాట్ మెయిల్'. ఆఖరిది మన దగ్గరా బాగా చూశారు. అందులో ఉత్తరాలు ఈమెయిళ్లయ్యాయి, ఆమె చిన్న పుస్తకాల కొట్టుకి గౌరవంగా ఈ సినిమా పేరే పెట్టారు. సరదా సినిమా, కాదనను. అయితే అక్కడ హీరో గొలుసు దుకాణాల ఆసామి, హీరోయిన్ కొట్టుని మూయించేది అతనే. నిజం తెలిసినవాడి చేతిలోనే డబ్బూ ఉంది. క్రాలిక్‌కి నిజం తెలిసిన రాత్రి జేబులో ఉన్నది ఆఖరి జీతం. అతని మౌనంలో ఆటతోపాటు సిగ్గు కూడా ఉంది. ఆ సిగ్గు తీసేస్తే మిగిలేది ఎత్తుగడ ఒక్కటే.

స్టూవర్ట్‌కి ఆస్కార్ ఈ సినిమాకి రాలేదు. అదే 1940 చివర్లో వచ్చిన 'ద ఫిలడెల్ఫియా స్టోరీ'కి వచ్చింది. ఆ బహుమతిని తండ్రి తన ఇనుప సామాను కొట్టులో ప్రదర్శనకి పెట్టుకున్నాడు, చాలా ఏళ్లు అక్కడే ఉంది. 1941లో స్టూవర్ట్ సైన్యంలో చేరి బాంబర్ విమానాలు నడిపాడు. తిరిగొచ్చాక చేసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్', హిచ్‌కాక్ సినిమాలు, కౌబాయ్ సినిమాలలో అతని ముఖం మీద ఏదో గీత పడింది. ఇంకా గొప్ప నటన అక్కడుందని వాదించేవాళ్లున్నారు. వాళ్లతో పోట్లాడను. కానీ ఇంత తేలిగ్గా, ఇంత తక్కువ సరంజామాతో అతను మళ్లీ చేయలేదు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం కొట్టులో అమ్మకాలు బ్రహ్మాండంగా సాగుతాయి. మటుషెక్ మంచులో నిలబడి తన కొట్టు కిటికీని తానే చూసుకుంటాడు. 1928 తరవాత ఇంత గిరాకీ లేదట. ఆ ఏడు ఎందుకో మాంద్యం దెబ్బ తిన్న తరానికి వేరే చెప్పక్కర్లేదు. అందరికీ బోనస్ పంచి, రాత్రి భోజనానికి తోడెవరు దొరుకుతారా అని ఒక్కొక్కరినీ పలకరిస్తాడు. అందరికీ ఎదురుచూసే ఇళ్లున్నాయి. చివరికి కొత్తగా చేరిన పనికుర్రాడు, ఊళ్లో ఎవరూ లేనివాడు, దొరుకుతాడు. సూప్ ఇష్టమేనా, వేపిన బాతు ఇష్టమేనా అని ముసలాయన ఒక్కొక్క వంటకం పేరూ చెబుతుంటే కుర్రాడి కళ్లు పెద్దవవుతాయి. ప్రేమకథకి దీనితో ఏ సంబంధమూ లేదు. సినిమా ముగింపుకి వచ్చేసిన వేళ దీనికి అంత తీరిక ఇవ్వడం చూస్తే, లూబిచ్‌కి ఎవరి కథ చెప్పాలనుందో తెలుస్తుంది.

అందరూ వెళ్లాక కొట్టులో ఇద్దరే మిగులుతారు. క్రాలిక్ కార్నేషన్ పువ్వు కోటుకి పెట్టుకుని నిజం చెబుతాడు. క్లారా నిర్ఘాంతపోయి, తేరుకుని, ముద్దు పెట్టుకునే ముందు ఒక్క కోరిక కోరుతుంది: ప్యాంటు కాస్త పైకి లాగి చూపించమని. అతనివి దొడ్డికాళ్లేమోనని ఆమెకి ఇంకా అనుమానం. అతను మారుమాట్లాడకుండా రెండు కాళ్లమీదా ప్యాంటు మోకాళ్లదాకా లేపి, మేజోళ్ల పట్టీలతో సహా చూపిస్తాడు. టాల్‌స్టాయ్ దాకా వెళ్లిన ఉత్తరాలన్నీ అయ్యాక, సరుకు తిప్పి చూడనిదే కొనని గిరాకీ ఆమె. పెద్ద గుమాస్తా కదా, చూపించమంటే చూపించడం అతనికి అలవాటే.